పాంపే వీధుల్లో ‘నాన్నా’ అని పిలిస్తే

రోము, నేపుల్స్, పాంపే చూసి వచ్చి మూడు వారాలైంది. అమీర్‌పేటలో ఎదురైనవాళ్ళంతా ఎలా ఉందని అడుగుతున్నారు. బాగుందంటున్నాను. నిజంగా బాగుంది. కానీ ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడి పక్కన మనవడి చెయ్యి కోసం తడుముకుంటున్నాను. వాడు మధురానగర్‌లో వాళ్ళమ్మ పక్కన హాయిగా పడుకుని ఉంటాడని తెలిసీ తడుముకుంటున్నాను.

యాభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను. ఏ రోజుది ఆ రోజే రాయడం నా అలవాటు. ఈ యాత్రలో పాంపే చూసిన రోజుది మాత్రం మర్నాడు రాశాను. ఆ పూట చెయ్యి పెన్ను పట్టలేదు. ఇంకా వెళ్ళనివాళ్ళకి పనికొస్తుందని ఆ పేజీలనే కొంచెం విడమరచి ఇక్కడ రాస్తున్నాను.

పంజాగుట్ట

మొదట ఆరుగురం వెళ్ళాలనుకున్నాం. నేను, నా భార్య సుశీల, మా అమ్మాయి సుధ, అల్లుడు, వాళ్ళ పిల్లలిద్దరు. బయల్దేరే ముందు అల్లుడి తల్లి బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆవిడ దగ్గర సుధ, అల్లుడు ఉండిపోయారు. పిల్లలు నెలల తరబడి రోమన్ సైనికుల బొమ్మలు గీసుకుంటూ ఎదురుచూశారు. వాళ్ళని ఆపడానికి ఎవరికీ మనసు రాలేదు.

టూరు ఆఫీసు పంజాగుట్టలో. ఎయిర్‌పోర్టు బస్సు దగ్గరికి సుధ వచ్చింది. కూతురు మేఘనకి పదేళ్ళు, దాని గురించి ఏమీ చెప్పలేదు. కొడుకుని నా చేతికి అప్పగించి మాత్రం ఒక మాట చెప్పింది.

“వీడికి భయం వేస్తే ఏడవడు, దాక్కుంటాడు. పిలిచినా పలకడు. మొన్న దీపావళికి బాంబుల మోతకి మంచం కింద దూరి గంటసేపు బయటికి రాలేదు. చెయ్యి వదలొద్దు.”

వదలనన్నాను.

వాడికి ఆరేళ్ళు. పేరు హృషికేశ్. ఆ పేరు బడిలోనూ పాస్‌పోర్టులోనూ ఉంటుంది. ఇంట్లో అందరికీ వాడు ‘నాన్న’. మా ఇళ్ళలో మగపిల్లల్ని ఇలా పిలవడం కొత్తేమీ కాదు. కాకపోతే వీడి విషయంలో అదే పేరై కూర్చుంది. నీ పేరేమిట్రా అని ఎవరైనా అడిగితే ‘నాన్న’ అనే చెబుతాడు.

మా టూరు మేనేజరు యాదగిరి. యాభై దాటిన మనిషి, చాలాసార్లు ఇటలీ తిరిగొచ్చినవాడు. బస్సెక్కగానే నిలబడి చెప్పాడు.

“పాస్‌పోర్ట్ పోతే నేను జూసుకుంట. పైసల్ పోతే మీరు జూసుకోండ్రి. పిల్లగాండ్లు పోతే మాత్రం ఇద్దరం ఏం జేయలేం. జర చేతులు పట్టుకోండ్రి.”

బస్సంతా నవ్వింది. నేను మనవడి మణికట్టు ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాను.

రోము

రోములో నాకు గుర్తున్నవి కట్టడాల కన్నా నీళ్ళు. వీధుల్లో ఇనుప కుళాయిలు పగలూ రాత్రీ ధారగా కారుతూనే ఉంటాయి. చల్లటి మంచినీళ్ళు, ఉచితం. మా ఇంటికి రోజు విడిచి రోజు నీళ్ళొస్తాయి. సుశీల మొదటి కుళాయి దగ్గర ఆగి కట్టేసే తిప్పు కోసం చుట్టూ వెతికింది. లేదని తెలిశాక ఆవిడ మనసు ఊరుకోలేదు. కుళాయి కనబడ్డ ప్రతిచోటా సీసా నింపడం మొదలుపెట్టింది. సాయంత్రానికి నా సంచిలో సీసాలే మిగిలాయి.

జేబుదొంగల గురించి యాదగిరి ఎంత భయపెట్టాడంటే, కొలోసియం ముందు మా గుంపు ఫొటో చూస్తే అందరం సంచుల్ని పొట్టకి కట్టుకుని ఉంటాం. నాకు ఒకే చెయ్యి మిగిలేది. రెండోది మనవడిది.

నేపుల్స్

నేపుల్స్‌లో దిగగానే అమీర్‌పేట చౌరస్తాకి వచ్చినట్టే అనిపించింది. స్కూటర్లు ఫుట్‌పాత్ మీదికొస్తాయి, ఎవరూ ఏమీ అనుకోరు. ఒక్కో పిజ్జా ఆరేడు యూరోలు. మీద టమాటా, కొంచెం జున్ను, ఒక ఆకు. సుశీల తెచ్చిన కారప్పొడి చల్లుకుంటే బాగానే ఉంది. నేను రూపాయల్లోకి మారుస్తుంటే యాదగిరి అన్నాడు, “సార్, గట్ల లెక్క గట్టుకుంట తింటే అరగదు.”

ఒక సందులో మూడో అంతస్తు నుంచి ఒక ముసలావిడ తాడు కట్టిన బుట్ట దింపుతోంది, కింద కొట్టువాడు అందులో కూరలు వేస్తున్నాడు. మధురానగర్ హాస్టళ్ళలో అమ్మాయిలు పార్సిళ్ళ కోసం బకెట్లు దింపడం చూశాను కాబట్టి నాకు వింతనిపించలేదు. మనవడు తల పైకెత్తి చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ ఏదో అని బుట్ట మళ్ళీ దింపింది. అందులో ఒక బిస్కెట్టు ఉంది. తీసుకొమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

ఆ సందు చివర సముద్రం, దాని అవతల కొండ. తల కోసేసినట్టుండే నీలం కొండ. పాంపేని బూడిదలో పూడ్చేసింది అదేనని మేఘన తమ్ముడికి చెప్పింది.

“ఇప్పుడేం చేస్తోంది?”

“నిద్రపోతోంది.”

“మళ్ళీ లేస్తుందా?”

మేఘన నా వైపు చూసింది. లేవదన్నాను. వాడు నన్ను నమ్మలేదు. బస్సులో కొండ కనిపించే వైపు కూర్చోనన్నాడు.

పాంపే, సముద్రపు గేటు

అక్కడ పిల్లలున్న కుటుంబాలకి విడిగా గైడుని ఇస్తారు. మాకు వచ్చినావిడ పేరు కార్లా. నలభై ఏళ్ళుంటాయి, గడ్డి టోపీ, మంచి ఇంగ్లీషు. పిల్లల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కరికీ ఒక వేషం ఇచ్చింది. మేఘన బట్టలుతికే కొట్టు యజమానురాలు. మా వాడు రొట్టెలవాడి కొడుకు. ఈ పూటంతా మీ ఊళ్ళో మీరు నడుస్తున్నట్టే నడవాలంది.

ఆ ఊరు నేననుకున్నట్టు లేదు. శిథిలాలంటే నాలుగు స్తంభాలనుకున్నాను. ఇక్కడ వీధులున్నాయి, మలుపులున్నాయి, గడపలున్నాయి. కప్పులు లేని ఇళ్ళు వందలకొద్దీ ఉన్నాయి. ప్రతి ఇంటికీ వాకిలి, ప్రతి వాకిలి లోపలా చీకటి గది. ఇక్కడ ఒక పిల్లవాడు దాక్కుంటే ఎవరికి దొరుకుతాడని గేటు దాటగానే అనిపించింది. అనిపించినందుకు నా మీద నాకే చిరాకేసింది.

మార్కెట్టు మైదానం దగ్గర సుశీల మోకాళ్ళు పట్టేశాయి. అక్కడ చిన్న హోటలు, పక్కన నీడలో బెంచీ ఉన్నాయి. “మీరు తిరిగి రండి, నేను ఇక్కడినుంచి కదలను” అని చెప్పులిప్పి కూర్చుంది.

కర్రీ పాయింట్ల వీధి

వీధికి అడ్డంగా ఎత్తయిన రాళ్ళు వరసగా పాతి ఉన్నాయి. వాన నీళ్ళలో కాలు పెట్టకుండా దాటడానికట. మా అమీర్‌పేట మైత్రీవనం దగ్గర వానాకాలంలో నేను ఎన్నిసార్లు ఇలాంటి రాళ్ళ కోసం చూశానో. బండి చక్రాలకి రాతిలో గాళ్ళు పడ్డాయి. మూల మీద రాతి గట్టు, దానిలో కుండలు దింపడానికి గుండ్రటి గుంటలు. వంట చేసుకునే వీలు లేనివాళ్ళు ఇక్కడ వేడిగా కొనుక్కు తినేవారని కార్లా చెప్పింది.

మేనేజరు యాదగిరితో పాటు మా గుంపులోని నర్సింగరావు కూడా మాతోనే వచ్చాడు. అమీర్‌పేటలో ఆయనకి స్టీలు సామాన్ల కొట్టు. ఆయన గుంటలో చెయ్యి పెట్టి చూశాడు.

“గిది మన కర్రీ పాయింటే కదనే యాదగిరన్నా. ఈ బొక్కల పప్పు, గా బొక్కల బెండకాయ. హాస్టల్ పోరగాండ్లు గప్పుడు సుత ఉండిరన్నట్టు.”

“స్టీల్ గిన్నెలు నువ్వే సప్లై జేసినవా?” అన్నాడు యాదగిరి.

“జేస్తే ఇంకా పైసల్ రాలే.”

నేను కూడా నవ్వాను. ఆ రోజు నవ్వడం అదే ఆఖరు.

తర్వాత రొట్టెల బట్టీ. మనిషంత ఎత్తున తిరగలి రాళ్ళు, పక్కనే ఇటుకల పొయ్యి. కొండ పేలిన రోజు పొయ్యిలో పెట్టిన రొట్టెలు పెట్టినట్టే దొరికిన ఇళ్ళున్నాయని కార్లా చెప్పింది. మేఘన అది తెలుగులో తమ్ముడికి చెప్పింది.

“మరి రొట్టెలవాడి కొడుకో?” అన్నాడు వాడు.

మేఘన అడిగితే, పారిపోయి ఉంటాడంది కార్లా.

“ఎటు?”

కార్లా వీధి కిందివైపు, కొండకి వీపు పెట్టే వైపు చెయ్యి చూపించింది. “అటు. సముద్రం వైపు.”

వాడు అటే చాలాసేపు చూశాడు.

అదే వీధిలో కిందికి దిగితే పాత స్నానశాల. లోపల గాజు పెట్టెలో ఒక మనిషి పడుకున్నట్టున్నాడు. బూడిదలో శరీరం కరిగిపోయి మిగిలిన ఖాళీలో ప్లాస్టర్ పోసి తీసిన ఆకారమట. మోకాళ్ళు ముడుచుకుని, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. నేను మనవడి కళ్ళు మూశాను. నా వేళ్ళ సందుల్లోంచి వాడు చూశాడు.  నా చేతిలో వాడి చెయ్యి చల్లబడింది.

బయట ఎండలోకి వచ్చాం. మేఘన దాటుడు రాళ్ళ మీద నిలబడి ఫొటో తియ్యమంది. ఫోనుకి నా రెండు చేతులూ కావలసి వచ్చాయి. అదే సమయానికి పనివాళ్ళ మోటారు బండి ఒకటి ఇనుప సామాను వేసుకుని ఆ రాళ్ళ మీదుగా వచ్చింది. గడగడమని నేల అదిరింది. బండికి దారిచ్చి, ఫొటో తీసి, పక్కకి చెయ్యి చాపాను.

చేతికి ఏమీ తగల్లేదు.

స్నానశాల నుంచి పైకి

మేఘనని నర్సింగరావుకి అప్పజెప్పాను. యాదగిరి గేటు వైపు పరిగెత్తాడు. కార్లా స్నానశాల లోపలికి వెళ్ళింది. నేను వచ్చిన దారినే వెనక్కి బయల్దేరాను.

నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ఏదైనా కనబడకపోతే, ఆఖరుసారి చూసిన చోటి నుంచి వెనక్కి ఒక్కో చోటూ వెతుక్కుంటూ పోవడం నా పద్ధతి. ఆ పద్ధతితోనే రొట్టెల బట్టీ వైపు, అంటే కొండకి ఎదురుగా నడిచాను. కొండ లేచిందనుకున్న పిల్లవాడు కొండ వైపే పరిగెడతాడా అన్నది నాకు తోచలేదు.

“నాన్నా” అని పిలిచాను. ఒక వాకిట్లో తల పెట్టి పిలిచాను. పక్క వాకిట్లో పిలిచాను. ప్రతి గదిలోనూ నా గొంతే తిరిగొచ్చింది. గాజు పెట్టెలోని ఆకారం కళ్ళ ముందుంది. చేతులు అలా మొహానికి అడ్డం పెట్టుకునే మా వాడు మంచం కింద పడుకుంటాడు. నేను నిదానంగా నడవలేకపోయాను. పరుగు తీశాను. డెబ్బై ఒకటో ఏట, ఆ గాళ్ళు పడ్డ రాళ్ళ మీద, “నాన్నా, నాన్నా” అని అరుస్తూ.

ఇద్దరు జర్మన్ ఆడవాళ్ళు గోడకి అంటుకుని దారిచ్చారు. వీధి మూల రాతి కుళాయి దగ్గర కాపలా ఉద్యోగిని ఒకావిడ, మెడలో కార్డు, చేతిలో వాకీటాకీ, నన్ను భుజాలు పట్టి ఆపింది. ఆవిడకి ఇంగ్లీషు నాలుగు మాటలకి మించి రాదు.

“నాన్నా?” అంది.

నా ప్రాణం లేచొచ్చింది. అవునని తల ఊపాను. ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో ఇంగ్లీషులో నోట్లు రాసినవాణ్ణి. ఆ క్షణాన ‘బాయ్’ అన్న చిన్న మాట నోటికి రాలేదు. “లాస్ట్. మై నాన్నా. స్మాల్” అన్నాను. ఎంత ఎత్తో చేత్తో చూపించాను. నా నడుము దాకా.

ఆవిడ కొంచెం ఆశ్చర్యపోయింది. నన్ను పైకీ కిందికీ చూసి “ఇండియానా?” అంది. అవునన్నాను. వాకీటాకీలో గబగబా మాట్లాడింది. ఆ మాటల్లో ‘నాన్న’ అన్నది మాత్రం నాకు స్పష్టంగా వినబడింది. కాసేపటికి పక్క వీధిలో ఒక మగగొంతు “నాన్నా” అని పిలిచింది. ఇంకా అవతల నుంచి మరొకటి. ఊరు కాని ఊళ్ళో ఎవరో మనుషులు మా వాణ్ణి ఇంట్లో పిలిచే పేరుతో పిలుస్తుంటే, నేను ఆ కుళాయి గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఆవిడ నా వీపు నిమిరింది.

కొంతసేపటికి ఆవిడ మొహం వెలిగింది. వీధి చివరకి చెయ్యి చూపించింది. ఇద్దరు ఉద్యోగులు ఎవరినో చెరో వైపు పట్టుకుని జాగ్రత్తగా నడిపించుకొస్తున్నారు.

చీర, దాని కింద నడక బూట్లు. సుశీల.

“ఏంటండీ, నేను తప్పిపోయానంట?” అంది దూరం నుంచే. “బెంచీ మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే లేపి తీసుకొచ్చారు. కాదంటే వినరే. నీళ్ళిచ్చారు, బిస్కెట్టిచ్చారు.”

ఆ ఉద్యోగిని నవ్వుతూ సుశీల చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది.

సుశీల నా మొహం చూసింది. చుట్టూ చూసింది.

“నాన్నేడీ?” అంది.

కుళాయి దగ్గర

 నేను చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ ఆ కుళాయి గట్టు పట్టుకుని నిలబడిపోయింది.

కార్లా రొప్పుతూ వచ్చింది. ఉద్యోగినితో మాట్లాడింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది.

“సర్, మీరు వీళ్ళకి ఏమని చెప్పారు?”

“నాన్నా అని.”

“ఇక్కడ నొన్నా అంటే అమ్మమ్మ, నాయనమ్మ” అంది. “ఎవరో పొట్టి ముసలావిడ తప్పిపోయిందని ఇంతసేపూ అందరూ ఆవిడ కోసం వెతికారు. దొరికిందనుకుంటున్నారు. పిల్లవాడి కోసం ఎవరూ వెతకడం లేదు.”

 ఆ పిలుపులన్నీ విని నేను ఏడుస్తూ కూర్చున్నంతసేపూ వాడు ఒక్కడే ఎక్కడో ఉన్నాడు. గేట్లు మూడున్నాయి. గేటు అవతల రోడ్డు, రైలు స్టేషను.

కార్లా వాకీటాకీ లాక్కుని మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. పిల్లవాడు, ఆరేళ్ళు, పసుపు చొక్కా. అవతల ఏదో గరగర. తర్వాత ఒక మగగొంతు నెమ్మదిగా ఏదో అడిగింది. కార్లా అవునన్నట్టు “సీ, సీ” అంది. ఇంకోసారి “సీ” అని, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంది.

“నాటకశాల దగ్గర” అంది. “దొరికాడు.”

నాటకశాల

కొండకి దూరంగా, వీధి కిందికొస, పాత నాటకశాల. దాని మెట్ల మీద అరవై దాటిన ఉద్యోగి ఒకాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల మీసాలు. ఆయన చూపుడు వేలు మా వాడి పిడికిట్లో ఉంది. వాడి చొక్కా నిండా దుమ్ము.

సుశీల వాణ్ణి ఎత్తుకుంది. ఎత్తుకోగల మోకాళ్ళు కావు, అయినా ఎత్తుకుంది. నేను వాడి చెప్పులు, చేతులు, తల తడిమి చూశాను. ఎక్కడా దెబ్బ లేదు.

ఆయన చెబుతుంటే కార్లా మాకు ఇంగ్లీషులో చెప్పింది. తప్పిపోయిన నొన్నా కోసం ఆయన ప్రతి వాకిట్లో తల పెట్టి పిలుచుకుంటూ వస్తున్నాడట. ఒక గదిలో పిలిస్తే లోపల రాతి అరుగు వెనక నుంచి “ఆఁ” అని వినబడిందట.

“నేను ముసలమ్మని పిలిచాను, ఇది బయటికొచ్చింది” అన్నాడట ఆయన. నవ్వకుండానే అన్నాడు.

వాడు వాళ్ళమ్మమ్మ భుజం మీద నుంచి నన్ను చూశాడు.

“కొండ లేచింది కదా తాతయ్యా. అందుకే సముద్రం వైపు వచ్చేశా.”

“లేవలేదురా. అది బండి.”

“మరి వీళ్ళకి నా పేరెవరు చెప్పారు?”

సుశీల వాడి జుట్టులోని దుమ్ము దులిపింది. “భయమేసి రాకూడదనుకున్నా. కానీ పేరు పెట్టి పిలిచారు కదా, మనవాళ్ళే అనుకున్నా” అన్నాడు.

ఆ పెద్దాయనకి ఏమివ్వాలో తెలియక సంచిలో ఉన్న సున్నుండల డబ్బా మొత్తం ఇచ్చాను. ఒకటి తీసుకుని, తుంచి, సగం వాడి నోట్లో పెట్టి, డబ్బా తిరిగిచ్చేశాడు.

తిరుగు బస్సు

బస్సులో అందరూ ఒకటే నవ్వు. భయం తీరాక వచ్చే నవ్వు. నర్సింగరావు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. “సార్, మీరు అమ్మమ్మను పోగొట్టుకున్నరని ఇటలీ మొత్తం పరేషానైంది. దొరికిన అమ్మమ్మను సుత మీకే అప్పజెప్పిండ్రు, ఏం జేస్తరిగ.” సుశీల కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మేఘన మాత్రం తమ్ముడి చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది. నేను వాడి చెయ్యి పట్టుకుని కొండ కనిపించే కిటికీ తెర లాగాను.

నేపుల్స్ చేరేముందు సుశీల నా చెవి దగ్గర మెల్లిగా అంది. “సుధకి చెప్పకండి. ఇప్పటికే ఆసుపత్రిలో నలిగిపోతోంది. పిల్లాడు దొరికాడు కదా, ఇంక ఎందుకు?”

సరేనన్నాను. సరేననడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. లోపల భయం మాత్రం పోలేదు, జాగా మారిందంతే.

అంతలోనే సుధ ఫోను చేసింది. వీడియోలో వెనక ఆసుపత్రి పచ్చ గోడ. మేఘన దాటుడు రాళ్ళ గురించి చెప్పింది. సుశీల పిజ్జా గురించి చెప్పింది. మా వాడు ఫోను లాక్కున్నాడు.

“అమ్మా, ఇక్కడ అందరికీ నా పేరు తెలుసు. ఊరంతా పిలిచారు.”

సుధ నవ్వింది. నవ్వుతూనే ఆగింది.

“ఊరంతా ఎందుకు పిలిచారు నాన్నా?” అంది.

వాడు నా మొహం చూశాడు. సుశీల కిటికీ బయటికి చూసింది. ఆ ‘నాన్నా’ వాడికైనా చెల్లుతుంది, దాన్ని కన్న నాకైనా చెల్లుతుంది. వాడి చేతిలోంచి ఫోను తీసుకుని, “నీతో చెప్పాలమ్మా, కాస్త కూర్చో” అన్నాను.